తక్కువ ఖర్చుతో బొమ్మల కార్డుల సేకరణ

(చర్లలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 వెనుక బెంచీల మీద కూర్చుని ఈ ఉపన్యాసాలు ఎప్పుడు అయిపోతాయా అని ఎదురుచూస్తున్న మనవలకూ, మనవరాళ్ళకూ నా ఆశీస్సులు. ఈ రోజు నా మాటలు ముఖ్యంగా వాళ్ళ కోసమే.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును పురస్కరించుకుని మనం ఏటా ఈ దినోత్సవం జరుపుకుంటున్నాం. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు తేల్చింది. దాని గురించి నా తరువాత మాట్లాడే పెద్దలు వివరంగా చెబుతారు. కార్యవర్గం వారు నన్ను కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏ కాలక్షేపం అంటే, కార్డుల సేకరణ అన్నాను. మన మిత్రులొకరు కంగారుగా, "సభలో పేకాట గురించా?" అన్నారు. కాదండీ. పేకముక్కలు కావు. పిల్లలు పోగుచేసుకునే బొమ్మల కార్డులు. వాటినే ఇంగ్లీషులో ట్రేడింగ్ కార్డులంటారు. ట్రేడింగ్ అంటే ఇక్కడ వ్యాపారం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. జేబులో డబ్బు తక్కువగా ఉన్నవాడి సేకరణ కొనుగోలుతో పూర్తికాదు, ఇచ్చిపుచ్చుకోవడంతోనే పూర్తవుతుంది.

ముందు ఈ కార్డులు ఎలా పుట్టాయో చూద్దాం. నూట నలభై ఏళ్ళ క్రితం సిగరెట్లు మెత్తటి కాగితపు పొట్లాల్లో వచ్చేవి. అవి జేబులో నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. అమెరికాలో ఎవరికో, ఆ అట్టముక్క ఖాళీగా ఎందుకుండాలి, బొమ్మ వేద్దామని తోచింది. నటీమణులు, ఆటగాళ్ళు, పక్షులు, జెండాలు అచ్చయ్యాయి. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లో 50 మంది క్రికెట్ ఆటగాళ్ళ కార్డులు వేసింది. తండ్రి సిగరెట్ కాల్చేవాడు, కొడుకు కార్డు దాచుకునేవాడు. తండ్రి ఆరోగ్యం ఏమైందో మనకు తెలుసు కాబట్టి ఆ పద్ధతిని మెచ్చుకోవలసిన పనిలేదు. రెండో ప్రపంచయుద్ధంలో కాగితం కరువై 1940లో ఇంగ్లండులో ఆ కార్డులు ఆగిపోయాయి.

ఇందులో మన ప్రాంతానికి ఒక చుట్టరికం ఉంది. ఆ విల్స్ కంపెనీ తరువాత ఇంపీరియల్ టుబాకోలో చేరింది. ఆ పేరుతోనే భారతదేశంలో ఒక కంపెనీ 1910లో కలకత్తాలో మొదలైంది. అదే నేటి ఐటీసీ. 1979లో ఆ ఐటీసీ చేయూతతోనే భద్రాచలం ఎదుట, గోదావరి అవతలి ఒడ్డున సారపాకలో అట్టల కర్మాగారం ప్రారంభమైంది. మన రైతులు వేసిన జామాయిల్, సుబాబుల్ కర్ర లారీలకెక్కి వెళ్ళేది అక్కడికే. సిగరెట్ పొట్లంలోని అట్టముక్క నుంచి పుట్టిన వేడుక గురించి, అట్ట తయారయ్యే చోటికి బస్సు దూరంలో కూర్చుని మనం మాట్లాడుకుంటున్నామన్నమాట.

మన పిల్లల తరానికి వద్దాం. ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళ వయసులో ఉన్న మన అబ్బాయిలకు 1980ల చివర బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులు గుర్తుండే ఉంటాయి. 1990లలో కుస్తీ వస్తాదుల ట్రంప్ కార్డులు వచ్చాయి. అంతకు ముందు అగ్గిపెట్టె బొమ్మలు, సినిమా ఫిల్ము ముక్కలు ఉండనే ఉన్నాయి. జపానులో 1996లో మొదలైన పోకెమాన్ కార్డులు ఇప్పటి పిల్లలకు ప్రాణం. 2008లో ఐపీఎల్ మొదలయ్యాక దాని ఆటగాళ్ళ కార్డులూ వచ్చాయి. పేర్లు మారాయిగానీ పిల్లవాడి కళ్ళలోని ఆశ మారలేదు.

మారింది ఒకటుంది. ఈ కార్డులు మూసిన ప్యాకెట్లలో వస్తాయి. లోపల ఏముందో చింపితేగాని తెలియదు. "తాతయ్యా, ఈసారి మంచిది వస్తుంది, ఒక్క ప్యాకెట్ కొనిపెట్టవా" అంటాడు మనవడు. ఇవ్వకపోతే వాడి మొహం చిన్నబోతుంది. ఇస్తే మన బీపీ మాత్రల లెక్క తప్పుతుంది. ఇది చిన్న విషయమని నవ్వేయకండి. నెలలో చివరి వారం ఇరవై రూపాయలకు కూడా వెనకాముందు ఆలోచించే కుటుంబ పెన్షనర్లు మన మధ్య ఉన్నారు. మనవడి ముందు చేయి వెనక్కి తీసుకోవలసి రావడం వాళ్ళకు డబ్బు నష్టం కన్నా ఎక్కువ బాధ. అందుకే ఈ ప్యాకెట్ల లెక్క ఒకసారి బల్లమీద పెట్టి చూద్దాం.

ఒక సెట్టులో 50 రకాల కార్డులున్నాయనుకుందాం. ప్యాకెట్టుకు ఒకటే కార్డు, ధర 10 రూపాయలు, అన్ని రకాలూ సమానంగానే అచ్చువేశారు అనుకుందాం. మొదటి ప్యాకెట్టులో వచ్చేది తప్పక కొత్తదే. మొదట్లో అన్నీ కొత్తవే వస్తున్నట్టుంటుంది. సగం సెట్టు, అంటే 25 రకాలు చేరడానికి సగటున 34 ప్యాకెట్లు చాలు. పిల్లవాడికి ఉత్సాహం పెరుగుతుంది. అక్కణ్ణుంచి వచ్చినవే మళ్ళీ వస్తుంటాయి. 40 రకాలు చేరేసరికి సగటున 79 ప్యాకెట్లవుతాయి. 49 చేరి ఒక్కటే మిగిలిందనుకోండి, ఆ ఒక్కదాని కోసం సగటున 50 ప్యాకెట్లు చింపాలి. మొత్తం సెట్టు పూర్తికావడానికి సగటున 225 ప్యాకెట్లు, అంటే 2,250 రూపాయలు. అందులో చివరి ఐదు కార్డులకే 114 ప్యాకెట్లు పోతాయి! పైగా అసలు కంపెనీలు అన్నిటినీ సమానంగా అచ్చువేయవు. కొన్నిటిని కావాలని తక్కువ వేస్తాయి. అప్పుడు ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఇదే లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. 79 ప్యాకెట్ల దగ్గర ఆగిపోయిన పిల్లవాడి దగ్గర 40 రకాలున్నాయి, రెండోసారీ మూడోసారీ వచ్చినవి 39 ఉన్నాయి. కావలసినవి పదే. ఇవ్వడానికి చేతిలో ముప్ఫై తొమ్మిది. ఇలాంటి పిల్లలు నలుగురు ఒకచోట కూర్చుంటే చాలావరకు పని జరిగిపోతుంది. దుకాణం చుట్టూ తిరగడం కన్నా స్నేహితుల ఇళ్ళ చుట్టూ తిరగడం చవక అని లెక్కే చెబుతోంది.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. వేసవి సెలవులకు వచ్చిన మనవడి సంచిలో 60 క్రికెట్ కార్డులున్నాయి. పేర్లవారీగా రాయించాను. 34 రకాలు, 26 మళ్ళీ వచ్చినవి. అంతవరకు వాడు ఆ 26ను దండగ అనుకుని రబ్బరు బ్యాండు వేసి మూలన పడేశాడు. మన సంఘ సభ్యులొకరి మనవరాలు కూడా అప్పుడు ఊళ్ళోనే ఉంది. ఒక సాయంత్రం ఇద్దర్నీ మా అరుగుమీద కూర్చోబెట్టాం. గంటసేపు బేరాలు సాగాయి. ఆ అమ్మాయి మంచి బేరగత్తె, ఒక కెప్టెన్ కార్డుకు రెండు బౌలర్లు ఇస్తేగాని ఒప్పుకోలేదు. చివరికి మావాడికి తొమ్మిది కొత్తవి, ఆమెకు ఎనిమిది కొత్తవి చేరాయి. ఖర్చు రెండు గ్లాసుల మజ్జిగ. ఇద్దరు తాతలం పక్కన కూర్చుని చూశాం. సెల్‌ఫోను ఎవరికీ గుర్తురాలేదు.

ఇప్పుడు, కొత్తగా మొదలుపెట్టేవారు ఏం చేయాలో వరుసగా మనవి చేస్తాను.

మొదటిది, హద్దు గీసుకోవాలి. అన్నీ కావాలనుకుంటే ఏదీ పూర్తికాదు. ఒకే జట్టు, లేదా ఒకే సంవత్సరం సెట్టు, లేదా పక్షుల బొమ్మలు మాత్రమే. హద్దు చిన్నదైనకొద్దీ పూర్తయ్యే ఆశ పెద్దది. నెలకు ఇంత అని ఖర్చుకు కూడా హద్దు ఉండాలి. యాభై కావచ్చు, వంద కావచ్చు. ఆ డబ్బు నెల మొదట్లోనే పిల్లవాడి చేతికిచ్చి, లెక్క వాణ్ణే రాయమనండి. పదో తేదీకే అయిపోతే ఇరవై రోజులు ఆగడం వాడే నేర్చుకుంటాడు.

రెండోది, ప్యాకెట్లు పరిచయానికే. సగం సెట్టు అయ్యాక ప్యాకెట్లు మానేయాలి. మిగిలినవి మార్పిడితోనో, కావలసిన కార్డును విడిగా కొనుక్కునో పూర్తిచేసుకోవాలి. మామూలు కార్డు విడిగా చవకగానే దొరుకుతుంది. అరుదైనదాన్ని వదిలేయండి. ఒక గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆల్బం చెడిపోదు.

మూడోది, మార్పిడిలో ధర్మం. పెద్దవాళ్ళు పిల్లల అమాయకత్వాన్ని ఆసరా చేసుకోకూడదు. మేము పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఏ బేరమైనా మర్నాటి సాయంత్రం వరకు రద్దు చేసుకోవచ్చు. దానివల్ల తగవులు లేవు.

నాలుగోది, రిజిస్టరు. ఇక్కడున్నవాళ్ళంతా జీవితమంతా రిజిస్టర్లు రాసినవాళ్ళమే. వరుస సంఖ్య, కార్డు పేరు, తేదీ, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, కొన్నదా మార్చుకున్నదా, ఖర్చు, రిమార్కులు. పిల్లవాడికి స్టాకు రిజిస్టరు రాయడం నేర్పండి. మార్చి 31న స్టాకు తనిఖీ కూడా చేయండి, వాళ్ళకు మహా సరదా. "ఎవరి దగ్గర నుంచి" అన్న గడి అన్నిటికన్నా ముఖ్యం. ఇరవై ఏళ్ళ తరువాత కార్డు విలువ ఉంటుందో ఉండదోగాని, ఆ గడిలోని పేరు విలువ తగ్గదు.

ఐదోది, భద్రపరచడం. మనది గోదావరి తేమ, అడవి చెద. కార్డులను జిగురుతో అతికించవద్దు, సెల్లోటేపు వేయవద్దు, రబ్బరు బ్యాండు కట్టవద్దు. ఎండకు రబ్బరు కరిగి అంటుకుపోతుంది. లామినేషన్ అసలే వద్దు. మందపాటి మెత్తని ప్లాస్టిక్ కవర్లు కొన్నాళ్ళకు అచ్చును లాగేస్తాయి, పలచటి పాలీప్రొపిలీన్ కవర్లు మేలు. అవి లేకపోతే తెల్లకాగితం మధ్య పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచితే చాలు. మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు మన ఇళ్ళలో కొదవలేదు, రెండు అందులో వేయండి. డబ్బాను నేలమీద పెట్టకండి. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. వరద వస్తోందనగానే మనం ముందు సర్వీసు పుస్తకం నకళ్ళు, పట్టాదారు పుస్తకాలు, ఫొటోలు పై అరలో పెడతాం. పిల్లల డబ్బా కూడా ఆ పక్కనే ఉండనివ్వండి.

ఆరోది, నకిలీల సంగతి. బంగారు రంగులో మెరిసే పోకెమాన్ కార్డులు సంతల్లో, తిరునాళ్ళలో దొరుకుతుంటాయి. అవి చాలావరకు నకిలీవి. అసలు కార్డు అట్ట పొరలు పొరలుగా ఉండి, అంచును పరీక్షగా చూస్తే మధ్యలో సన్నటి నల్లగీత కనిపిస్తుంది. వెనుక నుంచి టార్చి వేస్తే నకిలీలో వెలుతురు ఎక్కువగా ఇవతలికి వస్తుంది. ఆడుకోవడానికైతే నకిలీతో ఇబ్బందిలేదు. అసలు ధర పెట్టి మాత్రం కొనకండి. ఫోనులో ఎవరో అరుదైన కార్డు ఉందని ముందుగా డబ్బు పంపమంటే పంపకండి. ఓటీపీ అడిగితే చెప్పకండి. ఆ జాగ్రత్త కార్డులకే కాదు, మన పెన్షన్ ఖాతాకూ అవసరం.

ఏడోది, ఇది పెట్టుబడి కాదు. 2022లో అమెరికాలో 1952 నాటి ఒక బేస్‌బాల్ కార్డు ఒక కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిందని పత్రికల్లో వచ్చింది. అది చూసి ఆశపడవద్దు. అదే దేశంలో 1980ల చివర, 1990ల మొదట్లో ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లల చదువుకు పనికొస్తాయని పెట్టెలకు పెట్టెలు కార్డులు కొని దాచారు. కంపెనీలు కోట్ల సంఖ్యలో అచ్చువేశాయి. చివరకు వాటిలో చాలావాటికి కొన్న ధర కూడా రాలేదు. అందరూ దాచుకున్న వస్తువు అరుదు కాదు. మనవడి చదువుకు దాచాలంటే పోస్టాఫీసు ఉంది.

డబ్బులేని సేకర్త ఎంతవరకు వెళ్ళగలడు అని ఎవరైనా అడిగితే, ఒకాయన పేరు చెబుతాను. జెఫర్సన్ బర్డిక్. అమెరికాలో సిరక్యూజ్ పట్టణంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన మామూలు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయాయి. ఇతరులు పారేసే కార్డులను, ఉత్తరాల ద్వారా పరిచయమైన మిత్రుల నుంచి పోగుచేసి మూడు లక్షలకు పైగా కూడబెట్టాడు. వాటిని వర్గాలుగా విడదీసి 1939లో ఒక జాబితా పుస్తకం వేశాడు. ఆయన ఇచ్చిన సంఖ్యలతోనే నేటికీ పాత కార్డులను పిలుస్తున్నారు. 1947 నుంచి తన సేకరణనంతా న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాడు. చివరి ఏళ్ళలో అక్కడే బల్ల ముందు కూర్చుని, ఆ నొప్పి చేతులతోనే ఆల్బములకెక్కించాడు. 1963 జనవరిలో పని ముగించాడు. మర్నాడు ఆసుపత్రిలో చేరాడు. మార్చిలో కన్నుమూశాడు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చిన మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు, అందుకే ఆయన్ని తలచుకున్నాను.

ఇక చివరి విషయం, నా మనసుకు దగ్గరైనది. మన చుట్టుపక్కల గూడేల్లో పది రూపాయల ప్యాకెట్ ఒక్కటి కూడా కొనలేని పిల్లలున్నారు. మన మనవలు వాళ్ళ ఎదుట కార్డులు పరిచి కూర్చుంటే ఆ పిల్లలు దూరంగా నిలబడి చూస్తారు. మన వేడుక ఇంకొకరి పిల్లవాణ్ణి చిన్నబుచ్చకూడదు. అందుకు మార్గం ఉంది. కార్డులు మనమే చేసుకోవచ్చు.

ట్రేడింగ్ కార్డు మామూలు కొలత రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. పుస్తకాల దుకాణంలో దొరికే 22 × 28 అంగుళాల అట్ట ఒకటి తెస్తే, అటు ఎనిమిది ఇటు ఎనిమిది, 64 కార్డులు వస్తాయి. పాత శుభలేఖలైతే ఆ ఖర్చూ లేదు. ఒక్క మనవి, కత్తెర వేసేముందు శుభలేఖలు చదవండి. తేదీలు, ఇంటిపేర్లు, ఊళ్ళు, అచ్చువేసిన ప్రెస్సు పేరు అన్నీ ఉంటాయి. కొన్నిటిని కోయకుండా దాచడమే ఒక మంచి సేకరణ. రెండు రూపాయల అగ్గిపెట్టె పై అట్ట బొమ్మ కూడా సేకరణే.

ఏ బొమ్మలు వేయాలి? మన పూర్వులు గంజీఫా అని గుండ్రటి కార్డులు చేత్తో రంగులు వేసి ఆడుకునేవారు. దశావతార గంజీఫాలో ఒక్కో అవతారానికి 12 చొప్పున 120 ముక్కలుంటాయి. రామాయణాన్ని అరచేతిలోకి తెచ్చుకున్న దేశం మనది. మన పిల్లలు మన ప్రాంతాన్ని తెచ్చుకోలేరా? ఇప్ప, తునికి, మోదుగ, టేకు, నల్లమద్ది, వెదురు చెట్లు. పాలపిట్ట, గిజిగాడు, లకుముకి పిట్ట. తాలిపేరు ప్రాజెక్టు, దుమ్ముగూడెం ఆనకట్ట, పర్ణశాల. ముందువైపు బొమ్మ, వెనుకవైపు నాలుగు వాక్యాలు. తెలుగు పేరు పక్కన కోయ పేరు కూడా ఉండాలి. ఆ పేరు చెప్పగలిగేది గూడెం పిల్లవాడే. అప్పుడు వాడు దూరంగా నిలబడి చూసేవాడు కాదు, అందరూ వెతుక్కుంటూ వెళ్ళవలసినవాడు. కొన్న కార్డులకు కంపెనీ ధర కట్టింది. ఈ కార్డులకు తెలిసినవాడే ధనవంతుడు.

కాబట్టి సంఘానికి ఒక చిన్న ప్రతిపాదన చేస్తున్నాను. ప్రతి నెలా మన సమావేశం జరిగే రోజున చివరి అరగంట పిల్లలకు వదులుదాం. ఒక బల్ల, ఒక చాప, ఒక అట్ట, రంగు పెన్సిళ్ళు. మార్చుకునేవాళ్ళు మార్చుకుంటారు, గీసేవాళ్ళు గీస్తారు. గూడెం పిల్లల్ని కూడా పిలుద్దాం. అట్ట, పెన్సిళ్ళ ఖర్చు మొదటి సంవత్సరం నేను పెట్టుకుంటాను. సభ్యులు ఆమోదిస్తే వచ్చే నెల నుంచే మొదలుపెడదాం.